తాపీ పట్టే ముందు తడి దారి చూడండి



వానలు వెనకబట్టాయి. శనగ, తెల్లజొన్న విత్తుకునే పనుల్లో రైతులున్నారు. దసరాకు తీరిక దొరకని ఇళ్లలో దీపావళికైనా సున్నం వేయించాలనే మాట నడుస్తోంది. పాత ఇల్లున్నవాళ్లకు ఈ రోజుల్లో ఒక దిగులుంటుంది. నాలుగు నెలలు వానకు నానిన పైకప్పుకు లోపలివైపు గోధుమరంగు మరకలు పడి ఉంటాయి. ఒక మూల గచ్చు ఉబ్బి ఉంటుంది. ఇంకో మూల పెచ్చు ఊడి మంచం పక్కన పడి ఉంటుంది. ఎవరినైనా పిలిచి చూపిస్తే, ఊడినంత మేర సిమెంటు పూసి, పైన రంగు వేస్తే సరిపోతుందంటారు. అలాగే చేయిస్తాం. పండగకు ఇల్లు కళకళలాడుతుంది. వచ్చే ఏడు ముసురు పట్టగానే అదే మరక, అదే చోట, ఈసారి ఇంకాస్త పెద్దదై కనిపిస్తుంది.

ఈ తిప్పలు ఎందుకొస్తున్నాయో, వీటిలోంచి ఎలా బయటపడాలో ఈవేళ మాట్లాడుకుందాం. నా మాట ఒక్కటే. పాత పైకప్పును చెడగొట్టేది దాని వయసు కాదు, నీరు. ఆ నీరు ఎటు నుంచి వస్తోందో, బయటికి పోలేక ఎక్కడ ఆగుతోందో తెలిశాకే తాపీ పట్టాలి. మరమ్మతులో మొదటి సగం పని చూడటమే.

ముందు మన ప్రాంతపు పాత ఇళ్లు దేనితో కట్టారో చూద్దాం. జహీరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుని పడమరకు పోతే, కర్ణాటక గడ్డ మీద కాలు పెట్టేముందు వచ్చే ఊరు చిరాగ్‌పల్లి.  ఈ చుట్టుపక్కల నేలలో ఎర్రరాయి దొరుకుతుంది. పుస్తకాల్లో లాటరైట్ అని రాసేది దీన్నే. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడే రాయి ఇది. ఇక్కడి నుంచి బీదర్ దాకా ఈ రాతితో కట్టిన గోడలు కనిపిస్తాయి. బీదర్ కోట నిలబడిందే ఈ ఎర్రరాతి గుట్ట మీద. రాయి నిండా సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి నీటిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద పూసే పూత కూడా అలా పీల్చి వదిలేదిగా ఉండాలి. మన పెద్దలు అందుకే సున్నాన్ని నమ్ముకున్నారు.

పాత ఇళ్ల పైకప్పులు అన్నీ ఒక్క తీరువి కావు. కొన్నిటికి టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన చెక్క పలకలో షాబాదు బండలో పరిచి, మీద మట్టి, సున్నం దట్టించారు. కొన్నిటిలో దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు పోశారు. మద్రాసు టెర్రేసు అనేది ఇదే. నిజాం కాలం చివర్లో కట్టిన ఆఫీసులు, బంగళాలు చూస్తే ఇనుప గర్డర్లు వరసగా వేసి, వాటి మధ్య ఇటుకతో చిన్న చిన్న కమాన్లు తిప్పారు. పైన ఏమున్నా, కింద నుంచి మనకు కనిపించేది మాత్రం సున్నపు గచ్చే. మన ఇంటి కప్పు ఏ రకమో ముందు తెలుసుకోవాలి. ఎందుకంటే జబ్బు గచ్చులో కనిపించినా, చాలాసార్లు దాని మూలం పైనున్న దూలంలోనో గర్డరులోనో ఉంటుంది.

సున్నం ఎలా పనిచేస్తుందో కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. సున్నపురాయిని బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన పొడిసున్నం మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి, వేడెక్కి, చల్లారి మెత్తటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను ఇసుకతో కలిపి గోడకు పూస్తే, గాలిలోని ఆ వాయువునే మళ్లీ పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది. ఆ మారడం ఒక్కరోజులో అయ్యేది కాదు. నెలలు పడుతుంది, మందమైన పూతలో ఏళ్లు పడుతుంది. సన్నటి పగుళ్లు వస్తే, లోపలికి దిగిన తేమ కొంచెం సున్నాన్ని కరిగించి తెచ్చి ఆ పగుళ్లను పూడుస్తుంది కూడా. పాత గచ్చు వందేళ్లయినా నిలవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొట్టమొదట నిచ్చెన వేసుకుని పైకప్పుకు చేతికందే దూరం దాకా వెళ్లండి. వేలి కణుపుతో, లేదా తాపీ పిడితో మెల్లగా తట్టండి. గచ్చు గట్టిగా పట్టుకుని ఉన్నచోట నిండు చప్పుడు వస్తుంది. విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. బొగ్గుముక్కతో ఆ డొల్ల మేర చుట్టూ గీత గీయండి. గది అంతా ఇలా తట్టుకుంటూ పోతే, అరగంటలో పైకప్పు మీద ఒక పటం తయారవుతుంది. ఆ పటం చదవడం వస్తే జబ్బు సగం తెలిసిపోయినట్టే. డొల్లలన్నీ గోడ అంచున వరసగా ఉంటే, పైన పిట్టగోడ మొదట్లో నీరు దిగుతోంది. ఒకే గీత మీద గది ఈ కొస నుంచి ఆ కొసకు పగులు పోతే, లోపల గర్డరు తుప్పు పట్టిందో, దూలం కుంగిందో చూడాలి. నడిమధ్య గుండ్రటి మరక ఉండి, దాని అంచు చిక్కటి గోధుమరంగులో ఉంటే నీరు అక్కడే పైనుంచి కారుతోంది. ఒకదాని చుట్టూ ఒకటి మూడు నాలుగు అంచులుంటే మూడు నాలుగుసార్లు తడిసి ఆరిందని అర్థం.

పగులు ఇంకా పెరుగుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అనేది తెలియాలంటే దాని మీద అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ పూసి, పక్కన తేదీ రాసి పెట్టండి. రెండు నెలల తర్వాత పట్టీ చెక్కుచెదరకుండా ఉంటే పగులు పాతది, పూడ్చుకోవచ్చు. పట్టీ కూడా చీలితే ఇల్లు ఇంకా కదులుతోంది. అప్పుడు గచ్చు సంగతి పక్కన పెట్టి ఇంజనీరును పిలవాలి. దూలాలున్న ఇంట్లో దూలం గోడలోకి దిగే కొసను తప్పకుండా చూడాలి. తడి పట్టేది, చెదలు చేరేది అక్కడే. సన్నటి సూదిమొన గుచ్చితే ఆగకుండా దిగిపోయిందంటే ఆ కర్ర పుచ్చింది. ముందు దూలానికి వైద్యం, తర్వాతే గచ్చుకు.

కింద చూసింది చాలు, ఇక మిద్దె మీదికి ఎక్కండి. వాన పడుతున్నప్పుడే ఎక్కి చూడగలిగితే అంతకు మించింది లేదు. నీరు తూము వైపు పోతోందా, మధ్యలో మడుగు కట్టి నిలుస్తోందా గమనించండి. తూము నోట్లో ఆకులు, పిట్టగూడు అడ్డుపడ్డాయేమో చూడండి. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క మొలిచి ఉంటే దాన్ని పైకి లాగి పారేస్తే సరిపోదు. వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. వేరు మొదలు దాకా తీసి, ఆ సందును సున్నంతో నింపాలి. నీళ్ల ట్యాంకు కింద, కొత్తగా బిగించిన పైపుల చుట్టూ, డిష్ యాంటెన్నా కోసం కొట్టిన మేకుల దగ్గర చూడండి. వందేళ్లుగా కారని కప్పు ఈ మధ్యే కారడం మొదలైందంటే, ఈ మధ్య దాని మీద మనం ఏం చేశామో గుర్తు చేసుకోవాలి.

అందుకే వానాకాలంలో చూసుకోవాలి, చలికాలంలో చేయించుకోవాలి. వేసవిలో మేస్త్రీలు ఖాళీగా దొరుకుతారు నిజమే కానీ, మన ప్రాంతం ఎండకు సున్నం పూత తొందరగా ఆరిపోయి జాలిలాగా పగులుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా గాలిలో చల్లదనం ఉంటుంది, పూతకు కావలసిన నిదానం దొరుకుతుంది. పైన కారుడు ఆపిన తర్వాత కూడా లోపలి గచ్చును కొన్ని వారాలు ఆరనివ్వండి. లోపలి దాకా నానిన గచ్చు మీద చేసిన ఏ పనీ నిలవదు.

సిమెంటు సంగతికి వస్తాను. సిమెంటు చెడ్డదని నేననడం లేదు. దాని చోటు వేరు. సున్నపు గచ్చు కన్నా సిమెంటు పూత గట్టిది, నీటి ఆవిరిని తనలోంచి అంత సులువుగా పోనివ్వదు. ఎండకు సాగేటప్పుడు, చలికి ముడుచుకునేటప్పుడు రెండింటి తీరూ వేరు. పాత సున్నం మీద సిమెంటు పూస్తే, గోడలో ఉన్న తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ తేమలో కరిగిన ఉప్పు సిమెంటు వెనకాల గడ్డకట్టి, పాత గచ్చును పొడిపొడి చేస్తుంది. చివరికి సిమెంటు పెచ్చు ఊడినప్పుడు తనతోపాటు దాని వెనక ఉన్న మంచి గచ్చును కూడా పట్టుకుని పడిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ సంస్థ, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి 2013లో మొదలుపెట్టి 2024లో ముగించిన పనిలో పెద్ద భాగం ఇదే. గత శతాబ్దంలో మరమ్మతు పేరుతో ఆ గుమ్మటాల మీద వేసిన సిమెంటు పొరలను చేత్తో ఒలిచి తీసి, మళ్లీ సున్నం పూశారు. మంచి చేద్దామని వేసిన పొరను తీయడానికి ఏళ్లు పట్టింది. 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది గచ్చు నగిషీ పెద్ద ముక్క ఊడి కిందపడినప్పుడు, అందరూ ఉలిక్కిపడ్డారు. దాన్ని తిరిగి చేయడానికీ సున్నాన్నే ఆశ్రయించారు. 1591 నాటి కట్టడానికి ఏది సరిపడుతుందో, మన తాతల ఇంటికీ అదే సరిపడుతుంది.

మన పొరుగునే ఇంకో గొప్ప పాఠం ఉంది. బీదర్ పక్కన అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులున్నాయి. వాటిలో 1436లో చనిపోయిన అహ్మద్‌షా వలీ సమాధి లోపలికి వెళ్లి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఆగి తలెత్తి చూడండి. గుమ్మటం లోపలంతా గచ్చు మీద ఎరుపు, బంగారు, నీలం రంగుల్లో లతలు, అక్షరాలు. దగ్గరదగ్గర ఆరు వందల ఏళ్లనాటి రంగులవి. అక్కడే హుమాయూన్‌షా సమాధి పిడుగుపడి చీలిపోయి, గుమ్మటం గోడ ఎంత మందమో, లోపల పొరలెలా ఉన్నాయో కోసి చూపించినట్టు కనిపిస్తుంది. కట్టడం పని నేర్చుకునేవాళ్లు ఆ రెండు సమాధులనూ ఒక్క పూటలో చూసి రావాలి.

ఈ బీదర్ కట్టడాల గురించి 1947లో పెద్ద పుస్తకం రాసిన గులాం యజ్దానీ, 1914లో మొదలైన హైదరాబాద్ సంస్థానం పురావస్తు శాఖకు తొలి అధిపతి. అజంతా గుహలు అప్పుడు నిజాం ఏలుబడిలోనే ఉండేవి. ఆ గుహల గోడల మీద, కప్పుల మీద మట్టిపూత రాతిని వదిలేసి రాలిపోతుంటే, 1920లో ఇటలీ నుంచి లోరెంజో చెక్కోని, ఓర్సీని అనే ఇద్దరు నిపుణులను పిలిపించారు. వాళ్లు వచ్చి ఊగుతున్న పూతను రాతికి మళ్లీ అతికించారు. అంచులను కట్టుదిట్టం చేశారు. ఆ పని వల్ల ఎన్నో బొమ్మలు రాలిపోకుండా నిలిచాయి. అయితే బొమ్మల మీద రక్షణగా లక్క వార్నిషు కూడా పూశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లక్క పసుపెక్కి, దుమ్ము పట్టి, నల్లబడి బొమ్మలనే కప్పేసింది. తర్వాతి తరం రసాయన నిపుణులు దాన్ని అంగుళం అంగుళం తుడిచి తీయవలసి వచ్చింది.

ఇక్కడ మనం నేర్చుకోవలసినవి రెండు. ఊడబోతున్న పూతను పడగొట్టక్కరలేదు, మళ్లీ అతికించవచ్చు. రెండోది, గాలి ఆడనివ్వని ఏ పొరనైనా పాత గచ్చు మీద పూసేముందు, రేపు దాన్ని తీయగలమా అని ఆలోచించాలి.

సరే, పైకప్పు ఆరింది, కారుడు ఆగింది, డొల్లలన్నిటికీ గీతలు గీసుకున్నాం. ఇప్పుడు మేస్త్రీ బల్ల ఎక్కుతాడు. పని తెలిసినవాడైతే డొల్లలన్నిటినీ ఉలి పెట్టి రాలగొట్టడు. గచ్చు ఉబ్బకుండా, పగలకుండా కేవలం విడివడి ఉన్నచోట సన్నటి రంధ్రం చేసి, లోపలి దుమ్మును నీళ్లతో కడిగి, పల్చటి సున్నపు జారును పిచికారీతో ఎక్కిస్తాడు. కింద మెత్తటి గుడ్డ చుట్టిన పలక ఆనించి, కర్ర దన్ను పెట్టి, కొన్ని రోజులు కదలనివ్వడు. పువ్వుల నగిషీ ఉన్న గచ్చుకు ఇదే సరైన పద్ధతి.

ఊగుతున్నది, పొడి రాలుతున్నది మాత్రం తీసేయాలి. దాన్ని నడుమ నుంచి మొదలుపెట్టి, గట్టి గచ్చు తగిలేదాకా అంచులకు జరగాలి. అంచు ఏటవాలుగా లోపలికి కోసినట్టు ఉంటే కొత్త పూతకు పట్టు దొరుకుతుంది. తర్వాత కుంచెతో దుమ్ము దులిపి, నీళ్లు చల్లి తడపాలి. ఈ తడపడంలో బద్ధకిస్తే పని అంతా వృథా. పొడి ఇటుక, పొడి పాత గచ్చు కొత్త పూతలోని నీటిని ఒక్కసారిగా లాగేసుకుంటాయి. అప్పుడు పూతకు పట్టు రాదు.

కలిపే సున్నం గురించి. సంచిలో దొరికే పొడిని అప్పటికప్పుడు కలిపి పూస్తే నాణ్యత రాదు. సున్నాన్ని నీళ్లలో విరిచి, జల్లెడ పట్టి, పైన నీరు నిలిచేలా తొట్టిలో కనీసం రెండు వారాలు మగ్గనివ్వాలి. నెలలు మగ్గితే ఇంకా మంచిది. విరగని పలుకు ఒక్కటి మిగిలినా, గోడెక్కిన తర్వాత పొంగి చిన్న గుంట పెట్టి పేలుతుంది. వెనకటికి ఎద్దులు తిప్పే రాతిగానుగలో సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి గంటల తరబడి నూరేవాళ్లు. డంగు సున్నం అని మనవాళ్లు చెప్పుకునేది దాన్నే. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. బెల్లం వల్ల పూత సులువుగా సాగుతుంది, కరక్కాయ వల్ల పట్టు, గట్టితనం వస్తాయి. ఇప్పుడు మిక్సర్ యంత్రంలోనైనా తిప్పవచ్చు. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల శుభ్రమైన ఇసుక. కప్పుకు పూసేటప్పుడు మొదటి పొరలో సన్నగా కత్తిరించిన జనపనార పీచు కలిపితే జారిపోకుండా పట్టుకుంటుంది.

లోతైన గుంటను ఒకేసారి నింపకూడదు. అర అంగుళానికి మించని పొర వేయాలి. తాపీతో గట్టిగా నొక్కి, పైన అడ్డదిడ్డంగా గీతలు గీసి వదిలేయాలి. అది బిగుసుకున్నాక, మళ్లీ తడిపి రెండో పొర. చివరి పొర సన్నటి ఇసుకతో పల్చగా, పాత గచ్చుతో సమంగా. పొరకూ పొరకూ మధ్య కనీసం వారం రోజులు ఎడం ఉంటే మంచిది. అన్ని రోజులూ తడి గోనెపట్టాలు కిటికీలకు కట్టి, ఎండగాలి తగలకుండా, రోజుకు రెండుమూడుసార్లు నీళ్లు చిలకరించాలి. పైకప్పులోని ఒక మూల కోసం నెలరోజులా అనిపించవచ్చు. ఆ నెల ఇస్తే యాభై ఏళ్లు దాని వంక చూడక్కరలేదు.

ఇక రంగు. పాత గచ్చు మీద నూనె రంగులు, ప్లాస్టిక్ ఎమల్షన్లు వేస్తే మొదటి రోజు మెరుస్తాయి. ఉక్కపోత రోజున రబ్బరు కోటు తొడుక్కున్నట్టు, లోపలి తేమ లోపలే మగ్గిపోతుంది. కొన్నాళ్లకు రంగు బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది. పచ్చి సున్నం మీద నూనె రంగు వేస్తే సున్నంలోని క్షారం తగిలి నూనె సబ్బుగా మారి జిగట కడుతుంది. సున్నపు గచ్చుకు సున్నపు పూతే ఈడైన రంగు. మగ్గిన సున్నాన్ని కుంచె ఎత్తితే ధారగా కారేంత పల్చగా కలిపి, మెత్తటి గుడ్డలో వడగట్టి, వేడినీళ్లలో కరిగించిన తుమ్మబంక కొంచెం కలపాలి. ఒక పూత నిలువుగా, అది ఆరాక ఇంకోటి అడ్డంగా, మొత్తం మూడు పూతలు. వేసినప్పుడు బూడిద రంగుగా, ఏమీ అంటనట్టు కనిపిస్తుంది. కంగారుపడి చిక్కగా వేయకండి. ఆరేకొద్దీ తెల్లదనం పైకి వస్తుంది. చిక్కగా వేస్తే పొట్టుపొట్టుగా రాలుతుంది. రంగు కావాలంటే జాజు, పసుపు మన్ను వంటి మట్టి రంగులే కలపాలి. సున్నపు ఘాటుకు అవి తట్టుకుంటాయి.

అంతకుముందు వేసిన డిస్టెంపరు, ఎమల్షను ఉంటే గోకి తీసేయక తప్పదు. వాటి మీద సున్నం పట్టదు. పాత నీటి మరకలను గోకి, పైపొర తీసి, కడిగి ఆరబెట్టిన తర్వాతే పూత వేయాలి. లేకపోతే మూడు పూతల తర్వాత కూడా ఆ మరక మళ్లీ తొంగిచూస్తుంది. వంటగది కప్పుకు పట్టిన పొగ మసి కూడా అంతే.

ఇక్కడ జాగ్రత్తల మాట తప్పకుండా చెప్పాలి. తలపైన పని కాబట్టి తలకు హెల్మెట్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఎవరినీ బల్ల ఎక్కనివ్వకండి. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. వెంటనే శుభ్రమైన నీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడిగి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాత తలుపులు, దూలాల మీది ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్లకు మించకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడి చేసి గీకండి. పసిపిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచండి.

మా ఇల్లు స్లాబు ఇల్లండీ, మాకు ఈ సున్నం కథ ఎందుకు అంటారేమో. స్లాబుకు జబ్బు వేరు, వైద్యం వేరు. బడి గదుల్లో, పాత క్వార్టర్లలో పెచ్చులూడుతున్నాయని పత్రికల్లో చదివేది ఎక్కువగా స్లాబుల గురించే. అక్కడ నీరు దిగి లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు చీలి పెచ్చుగా పడుతుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయడమంటే రోగాన్ని దాచడమే. చువ్వ కనిపించేదాకా పాడైన కాంక్రీటు తీసి, తుప్పు పూర్తిగా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, తగిన పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. చువ్వ సన్నబడిపోయి ఉంటే ఎంత బలం మిగిలిందో ఇంజనీరే చెప్పాలి. పిల్లలు కూర్చునే గది అయితే, ఆ మాట తేలేదాకా గదికి తాళం వేయాలి. ఇందులో రాజీ వద్దు. అయితే స్లాబుకైనా, గచ్చుకైనా తొలి ప్రశ్న ఒక్కటే: నీరు ఎటు నుంచి?

ఓపికగా చేస్తే ఏం సాధించవచ్చో చూడాలంటే హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టిన భవనమది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. స్వాతంత్ర్యం తర్వాత ఆడపిల్లల కళాశాల అయింది. వేలాదిమంది తెలుగు ఆడపిల్లలు ఆ దర్బారు హాలు కప్పు కింద చదువుకున్నారు. ఆ కప్పు మీది నగిషీ కాగితపు గుజ్జుతో చేసి రంగులద్దింది. నీరు దిగితే దానికి ఎంత చేటో వేరే చెప్పక్కరలేదు. 2002లో ప్రపంచ స్మారకాల నిధి తన ఆపద జాబితాలో ఆ భవనాన్ని చేర్చింది. అప్పటి నుంచి దశలవారీగా పని సాగి, 2023 నాటికి అది మళ్లీ నిలబడింది. ఇరవై ఏళ్ల శ్రమ అది. కారుడు మొదలైన నాడే ఆపితే ఇంత శ్రమ, ఇంత ఖర్చు ఏ ఇంటికీ రాదు.

చివరిగా ఒక్క మాట. సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, కానీ వయసు పైబడుతోంది. కొడుకులు సెంట్రింగు పనికి పట్నం వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషిని పిలిచి, రోజుకూలి కన్నా నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి నేర్పించమనాలి. ఇది అయ్యే పనేనా అని అనుమానం వద్దు. ఈ జహీరాబాద్ ప్రాంతంలోనే, పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కనుమరుగవుతున్న చిరుధాన్యాల విత్తనాలను ఇంటింటా వెతికి, పండించి, పంచి బతికించాయి. మాచ్‌నూర్‌లో 2008 నుంచి ఆ ఆడవాళ్లే సంఘం రేడియో నడుపుతూ తమ పంటల జ్ఞానాన్ని తమ గొంతుతో చెప్పుకుంటున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల కృషికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. విత్తనాన్ని కాపాడుకున్న నేల ఇది, పనితనాన్నీ కాపాడుకోగలదు.

అందుకే ఊరి గుడికో, మసీదుకో, బడికో, పాత గడీకో మరమ్మతు పెట్టుకునే పెద్దలకు నా విన్నపం. అంచనా కాగితంలో సిమెంటు సంచుల లెక్క రాసేముందు, పైకప్పును తట్టి చూపించండి, మిద్దె ఎక్కి తూములు చూపించండి, సున్నం తెలిసిన చేతిని వెతకండి. ఇంటివాళ్లు ఈ ఆదివారమే నిచ్చెన వేసి, బొగ్గుముక్క పట్టుకుని పని మొదలుపెట్టవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. రంగు డబ్బా కొనడం ఆ తర్వాత సంగతి.